మళ్ళీ అదే ప్రశ్న: కొత్త తొట్టిలో చేపలు మూడో రోజుకే ఎందుకు పోతున్నాయి?

వేళచ్చేరి_కొత్త
అందరికీ నమస్కారం. కొత్తగా ట్యాంక్ పెట్టాను. మూడు రోజులకే చేపలు ఒక్కొక్కటీ చచ్చిపోతున్నాయి. ఏం చెయ్యాలి? అర్జెంట్.

స్పాంజిఫిల్టర్
వెతికి చూశారా? ఈ విభాగంలో ఈ ప్రశ్న కొల్లలు. పైన అతికించిన "మొదటి ఆరు వారాలు" పోస్టు చదవండి. అందులో లేనిదేదైనా ఉంటే అప్పుడు అడగండి.

వేళచ్చేరి_కొత్త
వెతికానండీ. "ట్యాంక్‌లో చేపలు చచ్చిపోతున్నాయి" అని కొడితే ఒక్కటీ రాలేదు.

పొల్లుహల్లు
రాదు మరి. తప్పు ఆయనది కాదు స్పాంజి గారూ, మన వెతుకుడు పెట్టెది. అది మాట ముక్కనైనా పట్టుకుంటుంది గానీ, రాసింది రాసినట్టే ఉండాలి. మనవాళ్ళు రాసే తీరు చూడండి: తొట్టి, తొట్టె, టాంకు, ట్యాంకు, ట్యాంక్, అక్వేరియం, ఆక్వేరియం, అక్వేరియమ్. చేపలు ఒకచోట చస్తున్నాయి, ఒకచోట చనిపోతున్నాయి, ఇంకోచోట "పోయాయండీ". నీళ్లు అని సగం మంది, నీళ్ళు అని సగం మంది. చదివేవాడికి తేడా లేదు, యంత్రానికి రెండూ వేర్వేరు.

దీనికి తోడు, "ట్యాంక్" పక్కన "లో" రాసేటప్పుడు క కింద ల వత్తు పడకుండా చాలా కీబోర్డులు మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు పెడతాయి. కొన్ని పెట్టవు. కాబట్టి అచ్చు ఒకేలా పలికే రెండు మాటలు కూడా కలవవు.

వెతికే పద్ధతి ఇది. వాక్యం కొట్టొద్దు. క్రియ వద్దు, విభక్తి వద్దు. ఒక్క మాట, అందులోనూ రాతలో మారని ముక్క కొట్టండి. "మోనియా" అంటే అమోనియా, అమ్మోనియా రెండూ వస్తాయి. "క్వేరియ" అంటే అకారంతో రాసిందీ ఆకారంతో రాసిందీ రెండూ వస్తాయి. "నైట్రై" అంటే నైట్రైట్, నైట్రైటు రెండూ. అయినా రాకపోతే తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి కూడా ఒకసారి చూడాలి, 2015కి ముందు పోస్టులు చాలావరకు అలాగే ఉన్నాయి.

మైలాపూర్_మీనం
బాగానే ఉంది గానీ, "మోనియా" అని వెతకాలంటే అమోనియా సంగతి ముందే తెలిసి ఉండాలి కదా. అది తెలిసినవాళ్ళకి ఈ ప్రశ్నే రాదు. కొత్తవాళ్ళకి తెలిసింది చేప, చావు, ఈ రెండే.

స్పాంజిఫిల్టర్
ఒప్పుకుంటాను. కానీ లీటర్లు తెలుసు కదా? నీళ్ళు ఎక్కణ్ణుంచి పట్టారో తెలుసు కదా? డాక్టరు గదిలోకి తొంగిచూసి "నొప్పి" అనేసి వెళ్ళిపోతే మందు ఎవరు రాస్తారు?

వేళచ్చేరి గారూ, ఇవి చెప్పండి. తొట్టి పొడవు, వెడల్పు, నీళ్ళు నిండిన ఎత్తు, మూడూ సెంటీమీటర్లలో. మూడూ గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు. (దుకాణంలో "రెండడుగుల ట్యాంకు, అరవై లీటర్లు" అంటారు. అది అంచు దాకా, గాజు మందం వదిలేసి, గులకరాళ్ళు లేకుండా కట్టిన లెక్క. అసలు నీళ్ళు 42-48 మించవు. మందు ఆ అరవైకి లెక్కగట్టి వేస్తే మోతాదు ఎక్కువైపోతుంది.) నీళ్ళు పోసి ఎన్నాళ్ళయింది, చేపలు వేసి ఎన్నాళ్ళయింది. ఏ చేపలు, ఎన్ని, ఎంత పొడవు. మెట్రో వాటరా (చెన్నై కుళాయి నీళ్ళు), బోరా, లారీ నీళ్ళా, క్యాన్ నీళ్ళా. ఫిల్టరు ఏ రకం, రాత్రి ఆపుతున్నారా. ఇప్పటిదాకా ఏ మందులు వేశారు. ఇక అమోనియా, నైట్రైట్, పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం) అంకెలు.

అంకెలకి నీళ్ళలో ముంచే స్ట్రిప్పులు వద్దు, చుక్కలు వేసి రంగు చూసే కిట్ కొనండి. కొళత్తూరులో చేపల దుకాణాలున్న వీధుల్లో దొరుకుతుంది. స్ట్రిప్పు డబ్బా మూత తెరిచాక మన ఊరి ఉక్కకి చెమ్మ పట్టి తప్పు రంగు చూపిస్తుంది. పైగా చాలా స్ట్రిప్పుల్లో అమోనియా గడే ఉండదు, మనకి కావలసింది అదే.

వేళచ్చేరి_కొత్త
కిట్ తెచ్చానండీ. 61 × 30 × 25 సెంటీమీటర్లు, గులకరాళ్ళు మూడు నాలుగు కిలోలు. మా అపార్ట్‌మెంట్ సంపులో బోరు నీళ్ళూ లారీ నీళ్ళూ కలుస్తాయి. తొట్టి కడిగి నింపి, మర్నాడే ఆరు గోల్డ్‌ఫిష్‌లు వేశాం, ఒక్కోటి రెండంగుళాలు. మూడో రోజు ఒకటి, నిన్న ఇంకోటి పోయాయి. నీళ్ళు పాలలా ఉన్నాయి. దుకాణంలో అడిగితే నీళ్ళన్నీ మార్చి నీలం మందు వెయ్యమన్నారు, నాలుగో రోజు అదీ చేశాం. లోపల మోటారు ఫిల్టరు ఉంది, పగలు మాత్రం నడుపుతున్నాం. ఇవాళ ఆరో రోజు. అమోనియా 2, నైట్రైట్ 0, పీహెచ్ 8.2. టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు) 900. నీళ్ళు 30 డిగ్రీలు.

బోరునీళ్ళు
ఇప్పుడిది ప్రశ్న. నీళ్ళు సుమారు 43 లీటర్లు.

ముందు చేయాల్సింది, తర్వాత కారణం.

ఈ రాత్రే సగం నీళ్ళు తీసి కొత్తవి పొయ్యండి. అదే సంపు నీళ్ళు పొయ్యండి, పాపం అని క్యాన్ నీళ్ళు పొయ్యకండి. 900 టీడీఎస్ తొట్టిలో ఒక్కసారిగా సగం 40 టీడీఎస్ నీళ్ళు పోస్తే చేప ఒంట్లో ఉప్పు లెక్క తప్పుతుంది. లారీ నీళ్ళలో క్లోరిన్ ఎంత కొట్టారో ఎవరికీ తెలీదు గనక హైపో తప్పదు: సోడియం థయోసల్ఫేట్ పలుకులు 10 గ్రాములు 100 మి.లీ. నీళ్ళలో కరిగించి సీసాలో పెట్టుకోండి, 10 లీటర్లకి 1 మి.లీ. మీరు మార్చే 21 లీటర్లకి 2 మి.లీ. పైచిలుకు. బక్కెట్లో వేసి కలిపి, ఒక నిమిషం ఆగి, తొట్టిలో పొయ్యండి. రేపు మళ్ళీ సగం. రెండు రోజులు మేత బంద్, గోల్డ్‌ఫిష్ వారం తినకపోయినా చావదు. ఫిల్టరు రాత్రీ పగలూ నడవాలి. నీలం మందు మళ్ళీ వెయ్యొద్దు. ఉన్న రంగు పోవాలంటే ఫిల్టర్లో యాక్టివేటెడ్ కార్బన్ సంచి పెట్టండి.

కారణం: చేప మొప్పల నుంచి అమోనియా వస్తుంది. దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో, రాళ్ళ మీద పెరగాలి. అందుకు నాలుగు నుంచి ఆరు వారాలు. మీకు నైట్రైట్ సున్నా ఉందంటే మొదటి మెట్టే ఇంకా మొదలవలేదు. ఫిల్టరు రాత్రంతా ఆపితే ఆ కాస్త బాక్టీరియాకీ ఊపిరాడదు. నీలం మందు, అంటే మిథిలీన్ బ్లూ, మిగిలినదాన్ని చంపుతుంది.

కిట్ చూపించే 2 పీపీఎమ్ (లీటరుకి 2 మి.గ్రా.) మొత్తం విషం కాదు. అందులో ఎంత విషమన్నది పీహెచ్, వేడి తేలుస్తాయి. 8.2 పీహెచ్, 30 డిగ్రీల దగ్గర సుమారు 11 శాతం విషరూపం. మీ తొట్టిలో అది 0.2 పీపీఎమ్ పైనే. 0.02 దాటితేనే మొప్పలకి హాని మొదలు.

పాలరంగు గురించి కంగారొద్దు, అది నీళ్ళలో తేలే వేరే బాక్టీరియా. దాన్ని చూసి నీళ్ళన్నీ మార్చడం దండగ.

జయనగర్_టెట్రా
బెంగళూరు నుంచి ఒక మాట. అతికించిన పోస్టులో "చేపలు చనిపోతుంటే వెంటనే సగం నీళ్ళు మార్చండి" అని ఎప్పుడో రాసిపెట్టారు. అది కాపీ చేసి అందరికీ ఇస్తున్నారు. ఇక్కడ కావేరి నీళ్ళు వచ్చే ఇళ్ళలో అది సరిపోతుంది. క్యాన్ నీళ్ళతో తొట్టి నింపినవాళ్ళకి అదే జవాబు ఇస్తే చేపల్ని చంపినట్టే.

స్పాంజిఫిల్టర్
ఎలా? నీళ్ళు మారిస్తే అమోనియా తగ్గుతుంది కదా.

బోరునీళ్ళు
టెట్రా గారు చెప్పింది నిజం. అడిగే ప్రశ్న ఒకటే, చేయాల్సిన పని మాత్రం ఒకదానికొకటి తలకిందులు. లెక్క వేసి చూద్దాం.

రోజుకి 1 గ్రాము మేత పడితే సుమారు 30 మి.గ్రా. అమోనియా నైట్రోజన్ వస్తుంది. 43 లీటర్లలో రోజుకి 0.7 పీపీఎమ్. బాక్టీరియా దీన్ని మార్చేటప్పుడు నీటిలోని క్షారాన్ని తింటుంది, 1 మి.గ్రా. నైట్రోజన్‌కి 7 మి.గ్రా. పైచిలుకు. అంటే రోజుకి లీటరుకి 5 మి.గ్రా. బోరు నీళ్ళలో క్షారం 200-300 ఉంటుంది, చలించదు. ఆర్వో చేసిన క్యాన్ నీళ్ళలో 20 ఉంటే గొప్ప. నాలుగు రోజుల్లో ఖర్చయిపోతుంది. పీహెచ్ 6 దగ్గరకి జారుతుంది, అక్కడ బాక్టీరియా పని దాదాపు ఆగిపోతుంది, అమోనియా పేరుకుంటుంది. 4 పీపీఎమ్ అయినా చేప తిరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే పీహెచ్ 6 దగ్గర విషరూపం నూటికి 0.1 కూడా ఉండదు.

అప్పుడు ఎవరో "సగం మార్చు" అంటారు. క్యాన్ అయిపోయింది కదా అని తొట్టి ఉన్నాయన బోరు నీళ్ళు పోస్తాడు. పీహెచ్ ఒక్కసారిగా 8కి ఎగబాకుతుంది. మిగిలిన 2 పీపీఎమ్‌లో విషరూపం నూటికి 7 పైన. రాత్రికి రాత్రే అన్నీ తేలతాయి. "నీళ్ళు మార్చాకే చచ్చాయి, నీళ్ళు మార్చకూడదు" అని ఇంకో కొత్త పోస్టు పడుతుంది. ఇలాంటివి మన దగ్గర దండిగా ఉన్నాయి, వెతికినవాడికి రెండూ దొరుకుతాయి, ఏది నమ్మాలో తెలీదు.

కాబట్టి పీహెచ్ 6.5 కంటే తక్కువుండి అమోనియా ఉంటే: తొట్టి పీహెచ్ ఎంతో అంతే ఉన్న నీళ్ళే, రోజుకి పదో వంతు చొప్పున. వంటసోడా కూడా ఒక్కసారిగా వద్దు. 100 లీటర్లకి 3 గ్రాములు వేస్తే కేహెచ్ (నీళ్ళలోని క్షారం కొలత) ఒక డిగ్రీ పెరుగుతుంది, అమోనియా దిగాకే ఆ పని.

మైలాపూర్_మీనం
పైగా చెన్నైలో "మెట్రో వాటర్" అన్నా ఒకటే నీళ్ళు కావు. పుళల్, చెంబరంబాక్కం చెరువులవి, వీరాణం నుంచి వచ్చేవి, కండలేరు నుంచి తెలుగు గంగ కాలవలో పూండికి చేరే కృష్ణ నీళ్ళు, 2010 నుంచి మీంజూరు, 2013 నుంచి నెమ్మెలి సముద్రపు నీటి శుద్ధి కేంద్రాలవి. పేట మారితే నీళ్ళు మారతాయి, వేసవిలో లారీ మొదలైతే అదే పేటలోనూ మారతాయి. పోయినేడాది పక్క వీధివాళ్ళకి ఇచ్చిన జవాబు ఈ ఏడాది మీకు సరిపోతుందని నమ్మకం లేదు. ఊరి పేరు కాదు, పీహెచ్, కేహెచ్ అంకెలు రాయండి.

కొళత్తూరు_గప్పీ
వేళచ్చేరి తమ్ముడూ, ఆరు వారాలు ఆగక్కర్లేదు. ఆరోగ్యంగా నడుస్తున్న పాత తొట్టి నుంచి అరచెయ్యంత స్పాంజి ముక్క తెచ్చుకుని నీ ఫిల్టర్లో కుక్కు. తెచ్చేటప్పుడు ఆ తొట్టి నీళ్ళలోనే తడిగా, మూత వదులుగా ఉన్న డబ్బాలో తేవాలి. ఎండలో బండి డిక్కీలో పెడితే ఉడికిపోతుంది. కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కి పోతుంది. ఆ తొట్టిలో గత నెలలో తెల్లచుక్కల జబ్బు, కొత్త చేపలు లేవని అడిగి తెచ్చుకో. సీసాల్లో అమ్మే బాక్టీరియాలో కొన్ని పనిచేస్తాయి, కొన్ని పచ్చి నీళ్ళు.

ఇంకోటి. నాలుగు గోల్డ్‌ఫిష్‌లకి 43 లీటర్లు ఇప్పటికి సరే, నిలవదు. అవి జానెడు దాటి పెరిగే చేపలు. రెండు ఎవరికైనా ఇచ్చెయ్. నీ నీళ్ళకి తగినవి గప్పీలు, మోలీలు. ఖనిజాలున్న గట్టి నీళ్ళంటే వాటికి పండగ. నియాన్ టెట్రాల జోలికి పోకు.

స్పాంజిఫిల్టర్
దుకాణంవాళ్ళు ఇది చెప్పరు. ఆరు చేపలు అమ్మితే ఇంకో వారంలో ఇంకో ఆరు అమ్మొచ్చు, మధ్యలో నీలం సీసా.

మైలాపూర్_మీనం
చేపలు ఇంకా కొననివాళ్ళ కోసం కూడా చెప్పండి. ముందే అడిగేవాళ్ళు అరుదు గానీ, ఉన్నారు.

బోరునీళ్ళు
చేపలు లేకుండా నడపడమే మేలు. అమ్మోనియం క్లోరైడ్, లాబ్ సరుకు. (కళాయి పూసేవాళ్ళ నవాసాగరం కూడా పేరుకి అదే, కానీ అందులో ఏం కలిసిందో తెలీదు, వద్దు.) 6.3 గ్రాములు లీటరు నీళ్ళలో కరిగించండి. తొట్టిలో లీటరుకి 1 మి.లీ. వేస్తే 2 పీపీఎమ్. 43 లీటర్లకి 43 మి.లీ. ఫిల్టరు నడుపుతూ రెండ్రోజులకోసారి కొలవండి. అమోనియా సగానికి దిగినప్పుడు మళ్ళీ 2కి తేవాలి. మధ్యలో నైట్రైట్ బాగా ఎక్కుతుంది, కిట్ రంగుపట్టీ చివర దాటినా భయం లేదు, చేపలు లేవు కదా. 2 పీపీఎమ్ వేసిన 24 గంటల్లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయిన రోజు తొట్టి సిద్ధం. అప్పుడు ముప్పాతిక నీళ్ళు మార్చి నైట్రేట్ దింపి, చేపలు వెయ్యండి.

నైట్రేట్ కిట్ దగ్గర అందరూ తప్పే అంకె రాస్తున్నారు. రెండో సీసా అడుగున మందు గట్టిగా పేరుకుంటుంది. బల్లకి తట్టి, అర నిమిషం గట్టిగా ఊపాకే చుక్కలు వెయ్యాలి. లేకపోతే 40 ఉన్న చోట 5 చూపిస్తుంది.

వేళచ్చేరి_కొత్త
తొమ్మిదో రోజు. రెండుసార్లు సగం మార్చాం, గప్పీ అన్న చెప్పినట్టు స్పాంజి తెచ్చి పెట్టాం. అమోనియా 0.25, నైట్రైట్ 1, పీహెచ్ 8.2. నాలుగు చేపలూ ఉన్నాయి. కానీ పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి. ఇది వేరే పోస్టు పెట్టాలా?

బోరునీళ్ళు
వేరే వద్దు, ఇక్కడే. నైట్రైట్ రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బకొడుతుంది, అందుకే నోరు తెరవడం. కల్లుప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ని అడ్డుకుంటుంది. మామూలుగా లీటరుకి 1 గ్రాము అంటాం. మీ 900 టీడీఎస్ నీళ్ళలో క్లోరైడ్ కొంత ముందే ఉంటుంది, సగం చాలు: 20 గ్రాములు మగ్గు నీళ్ళలో కరిగించి మూడు విడతలుగా పొయ్యండి. గాలి పంపుకి తగిలించే గాలిరాయి ఒకటి పెట్టండి. తర్వాత నీళ్ళు మార్చినప్పుడు, తీసినదానికి తగ్గ ఉప్పు మాత్రమే వెయ్యాలి, ఉప్పు ఆవిరి కాదు. మొక్కలుంటే వాలిస్నేరియా లాంటివి ఓర్చుకుంటాయి, మెత్తటివి కరిగిపోతాయి.

జయనగర్_టెట్రా
తిరిగొచ్చి అంకెలు చెప్పినందుకు దండం. మన పాత పోస్టుల్లో సగం "సరైపోయింది, థ్యాంక్స్" దగ్గర ఆగిపోయాయి. ఏం చేస్తే సరైందో రాయరు. వెతుక్కుంటూ అక్కడికి వచ్చినవాడు మళ్ళీ కొత్త పోస్టు పెట్టక ఏం చేస్తాడు?

నిర్వాహకులు
అతికించిన పోస్టు తిరగరాస్తున్నాం. ముసాయిదా: "చేపలు చనిపోతుంటే ముందు పీహెచ్ చూడండి. 7.5 పైన ఉంటే సగం నీళ్ళు వెంటనే మార్చండి. 6.5 కింద ఉంటే రోజుకి పదో వంతు, అదే పీహెచ్ నీళ్ళు. హైపో ద్రావణం లీటరుకి 1 మి.లీ. లేదా నీళ్ళు బక్కెట్లో 24 గంటలు ఉంచండి." తప్పులుంటే చెప్పండి.

బోరునీళ్ళు
హైపో పది రెట్లు ఎక్కువ రాశారు. 10 లీటర్లకి 1 మి.లీ. కాస్త ఎక్కువైతే ప్రమాదం లేదు గానీ పది రెట్లు అలవాటు చెయ్యొద్దు. 6.5, 7.5 మధ్య ఉన్నవాళ్ళని వదిలేశారు: రోజుకి పావు వంతు, మార్చే ముందు కొత్త నీళ్ళ పీహెచ్ కూడా కొలిచి చూడాలి. 24 గంటలు అన్నది మూత లేని బక్కెట్లో, గాలి పంపు పెడితేనే. మూతేసిన సంపులో, క్యాన్‌లో క్లోరిన్ అలాగే కూర్చుంటుంది.

జయనగర్_టెట్రా
డిసెంబరు, జనవరి గురించి ఒక లైను. బెంగళూరులో రాత్రిళ్ళు నీళ్ళు 20 దగ్గరకి జారితే తెల్లచుక్కలు వస్తాయి, అప్పుడు కూడా "చేపలు పోతున్నాయి" అనే అడుగుతారు. లీటరుకి 1 వాటు హీటరు పెట్టి 28-30 డిగ్రీలకి మెల్లగా, రోజుకి రెండు డిగ్రీల లెక్కన పెంచాలి. మందు ఒంటి మీది చుక్కని చంపదు, అది రాలి నీళ్ళలో ఈదే దశనే చంపుతుంది. అందుకే చుక్కలు పోయాక కూడా ఇంకొన్ని రోజులు ఆపకూడదు. చెన్నైలో ఈ హీటరు మాట అక్కర్లేదు.

పొల్లుహల్లు
ఇవన్నీ ఎంత బాగా రాసినా పోస్టు పేరు "మొదటి ఆరు వారాలు" అయితే ఎవరికీ దొరకదు. కొత్తవాళ్ళు కొట్టే మాటలే పేరులో ఉండాలి. అడుగున చిన్నక్షరాల్లో అన్ని రాతలూ పెట్టండి: చస్తున్నాయి, చచ్చిపోతున్నాయి, చనిపోతున్నాయి, పోతున్నాయి, తొట్టి, తొట్టె, టాంకు, ట్యాంక్, నీళ్లు, నీళ్ళు, పాలలా, తెల్లగా, అమోనియా, అమ్మోనియా.

స్పాంజిఫిల్టర్
అడిగే పెట్టెలోనే ఆ ఖాళీలు ముందే పెట్టలేరా? లీటర్లు, ఎన్నో రోజు, ఏ నీళ్ళు, పీహెచ్, అమోనియా. నింపకపోతే పోస్టు పడకూడదు.

మైలాపూర్_మీనం
పీహెచ్, అమోనియా గడులు తప్పనిసరి చెయ్యకండి. రాత్రి పదింటికి చేప పక్కకి ఒరిగినవాళ్ళ దగ్గర కిట్ ఉండదు. "కొలవలేదు" అని నొక్కే వీలుండాలి. ఏ నీళ్ళు అన్నది మాత్రం తప్పనిసరి. అదొక్కటి తెలిసినా సగం మార్చాలో పదో వంతు మార్చాలో చెప్పొచ్చు.

నిర్వాహకులు
సరే. పేరు మార్చాం: "కొత్త తొట్టిలో చేపలు చస్తున్నాయి, నీళ్ళు తెల్లగా ఉన్నాయి: ఏం చెయ్యాలి". గడులు పెట్టాం, ఏ నీళ్ళు అన్నది తప్పనిసరి. ఈ చర్చకి లింకు అందులో ఉంది. రాతలన్నీ అడుగున చేర్చాం.

పొల్లుహల్లు
"ఫిల్టర్" పక్కన "ఫిల్టరు" కూడా పెట్టండి. "గోల్డ్‌ఫిష్" మధ్యలో ఆ కనపడని గుర్తు ఉంది, అది లేకుండా ఇంకోసారి.